రుమాలు వేసిన సీటు

మునిసిపల్ ఛైర్‌పర్సన్ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా డ్రైవరమ్మ కుడికాలు బల్ల కింద బ్రేకు కోసం వెతుక్కునేది. అక్కడ బ్రేకు లేదని ఆమెకు తెలుసు గానీ, ఏళ్ళ తరబడి సిటీ బస్సు నడిపిన కాలికి నచ్చజెప్పడం ఎవరి తరం? సభలో ఎవరైనా గొంతు పెంచితే చాలు, అది దానంతటదే ముందుకు చాచుకుని బల్ల చెక్కను తొక్కేది. ఆ ఒక్కచోట పాలిష్ ఊడిపోయి లోపలి కర్ర కనిపించేది. అటెండరు రెండుసార్లు రంగు పూసి, తర్వాత మానేశాడు.

మేడమ్ అని పిలిచేది ఆఫీసువాళ్ళే. ఊరికి ఆమె డ్రైవరమ్మ, ఆమె మొగుడు కండక్టర్. ఇద్దరూ ఏడో నంబరు బస్సులో ఉద్యోగం చేశారు. ఆమె ముందు స్టీరింగు దగ్గర, ఆయన వెనక టిక్కెట్ల సంచితో. వాళ్ళ పెళ్ళిచూపులు రియర్ వ్యూ అద్దంలో జరిగాయని డిపోలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

కండక్టర్ నోరు మామూలు నోరు కాదు లెండి. టిక్కెట్టు చింపి ఇచ్చేలోపు చుట్టరికం కలిపేసేవాడు. ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చింది, ఎవరి కూతురు పరీక్ష ఎందుకు తప్పింది, ఎవరింట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం లేదు, అన్నీ ఆయనకు కావాలి. మర్నాడు ఆ మనిషి బస్సెక్కగానే గుర్తుపెట్టుకుని మరీ అడిగేవాడు. అలాంటివాడు వార్డు ఎన్నికలో నిలబడితే జనం నెత్తిన పెట్టుకోక ఏం చేస్తారు? వార్డు మెంబరయ్యాడు. తర్వాత ఊరికి ఛైర్మన్ అయ్యాడు. తర్వాత ప్రాంతీయ సభకు, అంటే జనం నోట చిన్న సభకు, వెళ్ళాడు. ఇదిగో, పోయిన నెలలో దేశానికంతటికీ ఒకటే అయిన పెద్ద సభకు గెలిచాడు.

పైమెట్టు ఎక్కినప్పుడల్లా ఆయనకు ఒకటే బెంగ పట్టుకునేది, కిందమెట్టు ఎవరికి అప్పజెప్పాలి? బయటివాణ్ణి కూర్చోబెడితే మళ్ళీ లేస్తాడా? రేపు పైన చెడిపోయి వెనక్కి రావలసివస్తే తన సీటు తనకు దొరుకుతుందా? మొదటిసారి ఈ బెంగ పుట్టినప్పుడు అన్నం కలుపుకుంటూ పెళ్ళాంతో అన్నాడు.

"మన బస్సులో చూళ్ళేదూ? తలుపు దగ్గర తోపులాట ఎందుకని కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుంటారు. నువ్వు ఊరికే నా రుమాలువి. వార్డులో కూర్చో. ఆర్నెల్లే."

"రుమాలంటే చెమట తుడుచుకునేదేగా?" అని నవ్వింది డ్రైవరమ్మ. అప్పుడు నవ్వింది పాపం.

ఆ ఆర్నెల్లు సాగాయి. సాగిసాగి ఆమెను వార్డులోంచి లేపి, ఆయన ఖాళీ చేసిన ఛైర్మన్ కుర్చీలో కూలేశాయి. అవతలి పక్షంవాళ్ళు ఆమెను ఎదురుగా అమ్మా అనేవారు, చాటున రుమాలమ్మ అనేవారు. ఆమె విన్నది కూడా. కోపం రాలేదు, ఉన్నమాటే కదా అని ఊరుకుంది.

సభ నడిపే పద్ధతి కూడా బస్సులోంచి తెచ్చిందే. బస్సులో తాడు లాగి ఒక గంట కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. వెనక ఏం జరుగుతోందో డ్రైవరుకు తెలియదు, తెలియనక్కర్లేదు, గంటను నమ్మాలి అంతే. సభలో తాడు కట్టుకోలేరు గనక కండక్టర్ దగ్గును ఎంచుకున్నాడు. ఆమె వెనక, సందర్శకుల బెంచీ చివర కూర్చునేవాడు. ఒక దగ్గంటే వద్దు. రెండు దగ్గులంటే సరే. ఒకసారి ఆయనకు నిజంగానే జలుబు చేసింది. ఆ పూట పార్కులోకి కుక్కల్ని రానివ్వాలన్న తీర్మానమూ, రానివ్వకూడదన్న తీర్మానమూ రెండూ నెగ్గి కూర్చున్నాయి. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి స్నానాలగదిలో గడియ వేసుకుని ఏడ్చింది.

ఎందుకంటే ఆమెకు బస్సు నడపడం వచ్చు. గొప్పగా వచ్చు. మార్కెట్టు మలుపులో తోపుడుబళ్ళ మధ్యనుంచి అంత పొడుగు బస్సును ఒక్క గీత పడకుండా తిప్పేది. నిలబడ్డ ముసలమ్మ తూలిపడకుండా బ్రేకు వేయడం డిపోలో కొత్తవాళ్ళకు నేర్పిందీ ఆమే. ఒక పని అంత బాగా వచ్చిన మనిషిని తెచ్చి దగ్గులు లెక్కపెట్టే పనిలో పెడితే ఎలా ఉంటుంది?

డిపోలో ఒక నిబంధన ఉంది. పదవిలో ఉన్నన్నాళ్ళు సెలవిస్తారు. కానీ యాభై నిండేలోపు వచ్చి చేరాలి, కళ్ళూ కీళ్ళూ పరీక్ష చేయించుకోవాలి. యాభై దాటితే మళ్ళీ స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఆమెకు ఈ ఏడాదితో యాభై నిండుతాయి. ఛైర్‌పర్సన్ గడువు కూడా ఈ నెలాఖరుతో అయిపోతోంది.

"ఈసారి నన్ను వదిలెయ్యండి" అంది మొగుడితో, ఆయన పెద్ద సభకు గెలిచిన రోజునే. "మీరు ఖాళీ చేసిన చిన్న సభ సీటుకి ఇంకెవర్నయినా చూసుకోండి. నేను నా బస్సెక్కుతా."

"అలాగేలే. నువ్వు అడగడం, నేను కాదనడమా?" అన్నాడు కండక్టర్.

"ఒట్టెయ్యండి."

"ఒట్టెయ్యమన్నావంటే నమ్మనట్టేగా? అంత నమ్మకం లేనిదానివి నాతో ఇన్నేళ్ళు కాపురం ఎలా చేశావే?" అని ఆయన నవ్వుతూ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఒట్టు మాత్రం వేయలేదు.

అయినా ఆమె ట్రంకుపెట్టెలోంచి ఖాకీ చొక్కా తీసి ఉతికి, ఇస్త్రీ చేసి, గోడ కొక్కేనికి తగిలించింది. అదే వారం డిపో సూపరింటెండెంట్ ఫోన్ చేశాడు. ఆయన ఆమెను ఉద్యోగంలో చేర్చుకున్న మనిషి, అన్నయ్యగారూ అని పిలిచేది.

"మీ ఏడో నంబరు రంగుకి వెళ్ళిందమ్మా. షెడ్డులో ఉంది. తొంగిచూడొద్దు సుమా, వచ్చాక చూద్దురుగాని" అన్నాడు.

డ్రైవరమ్మకు ఒళ్ళంతా తేలికైపోయింది. తను వస్తోందని బండికి రంగులేస్తున్నారు! పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కూతురు ఇంటికి రాగానే గుమ్మంలోనే చెప్పేసింది.

"ఎవరు వేయిస్తున్నారమ్మా?" అంది కూతురు చెప్పులు విప్పుతూ.

"డిపోవాళ్ళు. ఇంకెవరు?"

"ఏమో. నాన్న నిన్ను అంత తేలిగ్గా వదులుతాడంటే నాకు నమ్మకం లేదు."

"వదలకపోతే బ్రేకేస్తా. అది నా కాలి కింద పని" అంది తల్లి.

గడువు ముగిసేలోపు సభ ఆఖరిసారి కూర్చోవాల్సిన రోజు వచ్చింది. పొద్దున్న కాఫీ తాగుతూ కండక్టర్, ఎక్కడో చదివిన వార్త చెప్పినట్టుగా చెప్పాడు.

"ఇవాళ చివరి అంశం డిపో స్థలం. దుకాణాల సముదాయం కట్టడానికి ఇచ్చేస్తున్నాం. రెండు దగ్గుతాను."

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "డిపో ఏమౌతుంది?"

"మూసేస్తారు. బస్సుల్ని పక్క ఊరి డిపోలో కలిపేస్తారు."

"డ్రైవర్లు?"

"వయసులో ఉన్నవాళ్ళని తీసుకుంటారు. పెద్దవాళ్ళని ఇంటికి పొమ్మంటారు. మెంబర్లు సగం అటూ సగం ఇటూ ఉన్నారు. సమానమైతే నీ ఓటే లెక్క. పార్టీ పెద్దాయన స్వయంగా చెప్పారు. ఇది జరక్కపోతే నాకు మంత్రి పదవి లేదు, నీకు చిన్న సభ టిక్కెట్టు లేదు."

"నాకు టిక్కెట్టా?" అంది ఆమె. "నన్ను వదిలేస్తానన్నారుగా?"

"అన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. ఏం చెయ్యను చెప్పు? ఆర్నెల్లే."

ఆయన అటు వెళ్ళాక ఆమె ఆ గ్లాసు పట్టుకునే వంటగదిలోకి వెళ్ళింది. ముందు ఒళ్ళు మండింది. తర్వాత భయమేసింది. ఆ తర్వాత, చెప్పొద్దూ, చల్లగా ఒక సంతోషం లోపలికి దిగింది. ఇన్నేళ్ళుగా తలుపెక్కడా అని వెతుకుతుంటే మొగుడే తెరిచి పెట్టి వెళ్ళాడు. దగ్గును కాదని ఓటేస్తే డిపో మిగులుతుంది. పార్టీ ఒంటికాలి మీద లేచి టిక్కెట్టు లేదంటుంది. ఆమెకు కావలసిందీ అదే. మొగుడికి మంత్రి పదవి పోతుంది నిజమే. పోనీ! ఆయన ఎక్కిన ప్రతి మెట్టుకీ కింద తన వీపే ఉంది కదా.

సభ నిండిపోయింది. సందర్శకుల బెంచీల మీద ఖాకీ చొక్కాలు కిక్కిరిసి కూర్చున్నాయి. సూపరింటెండెంట్ ముందు వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన, డ్రైవరమ్మ చేయిపట్టి బస్సు నేర్పిన పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. పిల్ల అంటే చిన్నపిల్ల కాదు, ఇద్దరు బిడ్డల తల్లి, ఇప్పుడు ఏడో నంబరు నడుపుతున్నది ఆమే. పత్రికలవాళ్ళు కూడా ఎన్నడూ లేనంతమంది వచ్చారు. డ్రైవరమ్మ అది చూసింది గానీ పట్టించుకోలేదు.

చేతులు లేచాయి. కార్యదర్శి లెక్కపెట్టి, సమానం అన్నాడు. అందరి మొహాలూ ఆమె వైపు తిరిగాయి.

వెనకనుంచి రెండు దగ్గులు వినిపించాయి.

ఆమె కుడికాలు బల్ల చెక్కను గట్టిగా తొక్కింది. చెయ్యి లేవలేదు.

కార్యదర్శి ఇబ్బందిగా కదిలాడు. మళ్ళీ రెండు దగ్గులు. ఈసారి హాలు చివరి దాకా వినపడేంత పెద్దగా. ఆమె కుర్చీలో వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ బెంచీ వైపు సూటిగా చూసింది.

"మందేసుకోండి" అంది.

హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఉండి ఆమె కార్యదర్శితో అంది. "వద్దు అంటున్నాను. డిపో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రాసుకోండి."

తర్వాత జరిగినదంతా గోల. ఖాకీ చొక్కాలు బెంచీలెక్కాయి. కెమెరాలు మొహం మీదకొచ్చాయి. కండక్టర్ తలదించుకుని మొహం తుడుచుకుంటూ పక్క తలుపులోంచి బయటికి పోయాడు. ఆమెకు ఆయన్ని చూస్తే జాలేసింది. నవ్వూ వచ్చింది. అయిపోయింది, ఇక దిగిపోవచ్చు, అనుకుంది. ఆఫీసు కారు ఎక్కకుండా నడిచే డిపోకి బయల్దేరింది.

దారిలో దుకాణాలవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. చెప్పులు కుట్టే ఆయన సూది పక్కన పెట్టి మరీ లేచాడు. "బాగా అన్నావమ్మా, మందేసుకోమని!" అని ఎవరో అరిచారు. మాట తనకంటే ముందే ఇంతదూరం ఎలా వచ్చిందా అనుకుంది. డిపో గేటు దగ్గర బ్యాండు మేళం సిద్ధంగా ఉంది. వాయించేవాళ్ళు ఎర్ర కోట్ల గుండీలన్నీ పెట్టుకుని, వరసలో నిలబడి ఉన్నారు. వీళ్ళను ఎవరు పిలిచారు, ఎప్పుడు పిలిచారు అని అడుగుదామని నోరు తెరిచేలోపు బాకాలు మొదలయ్యాయి.

డీజిలు వాసన ముక్కుకు తగలగానే ఆమె ఆ సంగతి మరిచిపోయింది. బస్సులు కడిగే చోట నీళ్ళు నిలిచి ఉన్నాయి. అటు పక్కన షెడ్డు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఏడో నంబరు మెల్లగా బయటికి వచ్చింది.

బస్సు పక్క భాగమంతా ఆమె బొమ్మే. కిటికీల కింద చక్రం నుంచి చక్రం దాకా ఆమె మొహం, ఖాకీ చొక్కా, స్టీరింగు మీద రెండు చేతులు. పైన పెద్ద అక్షరాలు: డిపోను కాపాడిన డ్రైవరమ్మను చిన్న సభకు పంపండి.

జనం కేకలు వేస్తున్నారు. ఆమె దగ్గరికి వెళ్ళి, తన బొమ్మ చెంప మీద వేలితో నొక్కి చూసింది. రంగు అంటుకోలేదు. గోటితో గీకింది. లేవలేదు. బస్సుకు రంగెయ్యడమంటే ఏమిటో ఆమెకు తెలియనిదా? పాత పెచ్చు గీకాలి, లప్పం పెట్టాలి, రుద్దాలి, ఒక పూత ఆరాక ఇంకో పూత వెయ్యాలి, అప్పుడు గానీ అక్షరాలు రాయరు. ఎంత ఎండ కాసినా ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఆమె వద్దన్నది ఇంకా గంట కూడా కాలేదు.

సూపరింటెండెంట్ టోపీ నలుపుతూ పక్కకొచ్చాడు. "కండక్టరుగారే రంగు వేయించమన్నారమ్మా. మీరు తిరిగొస్తున్నారని ముచ్చటపడుతున్నారనుకున్నా. అక్షరాలు నేనూ ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. ఆయన గొంతు వింటే నిజమే చెబుతున్నాడని తెలుస్తోంది.

అప్పటికే కండక్టర్ బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం కడిగిన పళ్ళెంలా ఉంది. రమ్మని సైగ చేశాడు. ఇద్దరూ ఖాళీ బస్సులోకి ఎక్కారు. బయట మేళం మోగుతూనే ఉంది.

"ముందే తెలుసా మీకు?" అంది ఆమె.

"నీ వెనక అన్నేళ్ళు నిలబడ్డానే. నువ్వెక్కడ బ్రేకేస్తావో నాకు తెలీదూ? డిపో మాటెత్తితే నువ్వు చచ్చినా చెయ్యెత్తవు."

"మరి ఆ స్థలం కొనేవాడు?"

"వాడికి పాత మిల్లు స్థలం చూపించాం. వాడిక్కావలసిందీ అదే."

"మంత్రి పదవి లేదన్నారు?"

"పొద్దున్నే ఫోనొచ్చింది. రవాణా శాఖ." కండక్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "టిక్కెట్లు కొట్టినవాడికి రవాణా శాఖ! చూశావా?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నీ మొహంలో తెలిసిపోతుంది. అబద్ధమాడటం నీకు చేతకాదు." ఆయన గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా అన్నాడు. "రుమాలుకి ఎవరూ ఓటెయ్యరే. మొగుడి మాట కాదన్న ఆడదానికి వేస్తారు. ఇవాళ నువ్వు ఆ మాటనకపోతే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. భలే అన్నావు. మందేసుకోండిట!"

డ్రైవరమ్మ పక్క సీటు కమ్మీ పట్టుకుంది. ఇన్నేళ్ళలో తనంతట తను చేసిన పని ఒకే ఒక్కటి. అది కూడా ఆయన దగ్గు ప్రకారమే జరిగింది.

"నేను నిలబడను" అంది.

"సరే" అన్నాడు కండక్టర్, ఏ మాత్రం కోపం లేకుండా. "నేను బలవంతపెట్టను. అదుగో, వాళ్ళకి నువ్వే చెప్పు."

ఆమె ముందు తలుపు మెట్టు మీదకి వచ్చి నిలబడింది. మేళం ఆగింది. ఖాకీ చొక్కాలన్నీ ఆమె వైపు చూస్తున్నాయి. నోరు తెరిచి, నేను డ్యూటీలో చేరడానికి వచ్చాను అనబోయింది. అంతలో ఆమె దగ్గర బస్సు నేర్చుకున్న పిల్ల గబగబా ముందుకొచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది. ఏడుస్తోంది.

"అక్కా, ఇవాళ మీరు లేకపోతే మా గతేంటి? రేపు ఇంకొకరొచ్చి మళ్ళీ అమ్మేస్తారు. మీరు పైనుండాలక్కా. బస్సు సంగతి నాకొదిలెయ్యండి, మీ బండిని కంటికి రెప్పలా చూసుకుంటా. మీరు మాత్రం మమ్మల్నొదలొద్దు."

ఆ పిల్ల వెనక అందరి మొహాలూ అదే అంటున్నాయి. ఎవరి కళ్ళలోనూ కపటం లేదు. వాళ్ళకు ఆమె మీద ఉన్నది అచ్చమైన ప్రేమ. మొగుణ్ణి కాదనడానికి ఇవాళ ఆమెకు బలం దొరికింది. వీళ్ళను కాదనడానికి ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? ఆమె ఆ పిల్ల చేతులు విడిపించుకోలేకపోయింది.

"ఏడవకు" అంది చివరికి. "ఉంటాలే."

డిపో దద్దరిల్లిపోయింది. కండక్టర్ వెనకనుంచి వచ్చి ఆమె భుజం మీద ఏదో వేశాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. ఇంట్లో గోడ కొక్కేనికి తగిలించినది.

"ఇది తొడుక్కో. బొమ్మలో ఉన్నట్టుండాలి కదా" అన్నాడు.

ఆమె తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంటుంటే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని డ్రైవరు సీటెక్కి, స్టీరింగు మీద చేతులు వేసింది. డ్రైవరమ్మకు ఆ పక్కన, ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడటానికి చోటు చేశారు. ఊరంతా తిరగాలట, జనానికి చెయ్యి ఊపాలట.

"రెండో గేరు పట్టేస్తుంది. మెల్లగా వెయ్యి" అంది అలవాటుగా.

"బాగుచేయించారక్కా. ఇప్పుడు వెన్నలా పడుతోంది." ఆ పిల్ల ఇంజను స్టార్టు చేసి, తల తిప్పి ఆశగా అడిగింది. "మళ్ళీ డ్యూటీకి ఎప్పుడొస్తారక్కా?"

"ఎంతలే, ఆర్నెల్లే" అంది డ్రైవరమ్మ.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని అర్థమవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. వెనక తాడు కదిలింది. గంట రెండుసార్లు మోగింది. బస్సు గేటు దాటి వీధిలోకి మళ్ళుతుంటే ఆమె కుడికాలు ముందుకు చాచుకుని, కింద ఉన్న ఉత్త రేకును శక్తికొద్దీ తొక్కింది. బస్సు ఆగలేదు.